తువాలు కింద వార్తలు

సంత రోజు తెల్లారేసరికి సామ్రాజ్యం నడిపే కాఫీ హోటల్లో డికాషన్ దిగాలి, రేడియో మోగాలి. తిరువూరు పశువుల సంతకొచ్చేవాళ్లు కాఫీ పలచనైనా ఊరుకుంటారు గానీ, రేడియో లేకపోతే బల్ల మీద కూర్చోరు.

ఆ రోజు బెజవాడ స్టేషన్లో పొలం కబుర్లు అయిపోయి పాటలు మొదలయ్యాయి.

"పాటలున్నాయి, నాటకాలున్నాయి. ఎద్దులు కొనేవాడికి పనికొచ్చే ముక్క మాత్రం ఒక్కటీ లేదు" అన్నాడు విస్సన్నపేట దళారి శౌరయ్య.

"రోజూ బుర్రకథ వెయ్యొచ్చుగా?" అన్నాడు వినగడప రైతు ఆదిశేషయ్య.

"నీకు బుర్రకథ దేనికి బాబాయ్, ఇంట్లో పిన్ని ఉందిగా!" అన్నాడు శౌరయ్య.

అందరూ నవ్వారు. సామ్రాజ్యం గ్లాసులు కడుగుతూ అంది: "తువాలు కింద ఏం జరుగుతుందో చెప్పే వార్తలు లేవు. అవి వెయ్యమనండి."

నవ్వులు ఆగిపోయాయి.

ఆ సంతలో బేరం నోటితో ఆడరు. దళారి, కొనేవాడు చేతుల మీద తువాలు కప్పుకుని, కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని మాట్లాడుకుంటారు. పొడిచే ఎద్దయితే దళారి తన చిటికెన వేలు మడవాలి. అది సంత ధర్మం. మూడేళ్ల కిందట సామ్రాజ్యం భర్త రాయప్పకు ఒక బూడిద రంగు మైల ఎద్దును ఇప్పిస్తూ దళారి అంకారావు ఆ వేలు మడవలేదు. తొలి దుక్కిలోనే ఎద్దు రాయప్పను పొడిచి చంపింది. మట్టి చేసిన నాడు అంకారావు వచ్చి, "రాత, ఏం చేస్తాం అమ్మాయ్" అని కాఫీ తాగి వెళ్లాడు. ఎద్దు గుణం అంకారావుకి ముందే చెప్పానని అమ్మినవాడు తర్వాత ఒప్పుకున్నాడు. కానీ చెప్పింది తువాలు కింద. దానికి సాక్ష్యమేది?

సామ్రాజ్యం ఆ ఎద్దును అమ్మలేదు. మేత వేసి మేపింది. పగనూ అలాగే మేపింది. పగ మంచిది కాదు, నిజమే. కానీ తప్పు చేసినవాడు తలెత్తుకు తిరిగే చోట, దెబ్బతిన్న మనిషికి ఆ నీతి చెప్పే అర్హత ఎవరికుంది?

మరుసటి సంతకి పొలం కబుర్లు కాగానే రేడియోలో ఒక ఆడగొంతు, "ఇప్పుడు తువాలు కింద వార్తలు" అంది. ఎవరు పళ్లు రాలిన ఎద్దును కోడె అన్నారో, ఎవరు వేలు మడవలేదో వరసగా చదివింది.

"పాటల టైము తినేస్తున్నారు" అని ఆదిశేషయ్య విసుక్కున్నాడు. అంతే.

అంకారావు మాత్రం ఆ రోజు నుంచి మడవాల్సిన చోటల్లా వేలు మడిచాడు. వార్తల్లో ఆనాటి సంగతులే వస్తాయి, పాతవి రావు. అతన్ని అందరూ ధర్మాత్ముడన్నారు. ఆ మాట విన్నాక సామ్రాజ్యానికి తిండి సయించలేదు.

అంతలో అంకారావు కొడుకు ఏడుకొండలు అరకకు ఎద్దు వెతుకుతున్నాడని తెలిసింది. ఆమె మైల ఎద్దు కొమ్ములు చెక్కించి, రంగు పూయించి, శౌరయ్య చేతికి పలుపు ఇచ్చింది.

"నెమ్మదైన గొడ్డేనా అక్కా?"

"పసిపిల్ల తోలినా పోతుంది."

ఆ తర్వాత హోటల్‌కి వెళ్లి రేడియోలో బ్యాటరీలు తీసి, డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఏడుకొండలు శౌరయ్య తువాలు కింద చెయ్యి పెట్టగానే, బ్యాటరీల్లేని రేడియో సంతంతా వినపడేలా పలికింది.

"శౌరయ్య తువాలు కింద ఏడుకొండలు చెయ్యి ఉంది. ఈ ఎద్దు రాయప్పను చంపిన ఎద్దు. ఆ సంగతి దాచింది రాయప్ప భార్య సామ్రాజ్యం. తెలిసీ వేలు మడవకుండా దీన్ని రాయప్పకు అంటగట్టింది అంకారావు."

ఏడుకొండలు చెయ్యి లాక్కున్నాడు. నేరుగా హోటల్‌కి వచ్చాడు.

"నన్ను చంపుదామనుకున్నావా అత్తా?"

"అవున్రా" అంది సామ్రాజ్యం. తల దించలేదు. "మీ నాన్న నా మొగుణ్ణి చంపినట్టే."

అతను వెనక్కి తిరిగాడు. అప్పటికి అంకారావు గుమ్మం దాకా వచ్చాడు.

"తెలిసే ఇప్పించావా నాన్నా?"

"బేరమన్నాక సవాలక్ష ఉంటాయిరా..."

ఏడుకొండలు తండ్రిని దాటుకుని, ఒక్కడే బస్సెక్కి వెళ్లిపోయాడు. శౌరయ్య పలుపు తెచ్చి సామ్రాజ్యం కాళ్ల దగ్గర పడేశాడు. మళ్లీ ఎన్నడూ ఆమె చేతి కాఫీ తాగలేదు. ఎద్దు తిరిగి ఆమె కొట్టానికే చేరింది.

ఆ తర్వాత అంకారావు తువాలు కింద చెయ్యి పెట్టినవాడు లేడు. అయినా మానకుండా సంతకి వచ్చేవాడు. ఎండలో నిలబడి, తువాలు కప్పుకుని, తన చెయ్యి తానే పట్టుకుని ఉండేవాడు.

ప్రతి సంతకీ వార్తల ఆఖర్న సామ్రాజ్యం రేడియో గొంతు పెంచేది.

"అంకారావు తువాలు కింద అంకారావు చెయ్యే ఉంది. చిటికెన వేలు మడిచి ఉంది."