నాది అంటే వదలాలి

మా అన్నయ్య కొన్న విమానానికి మూడు వందల హార్స్‌పవర్ ఇంజను. అన్నయ్యకేమో విమానం నడపడంలో ఓనమాలు కూడా రావు. ఇరవై రెండేళ్ళుగా ఆ విద్య నేర్పుతున్నదాన్ని కాబట్టి, "ముందు మా స్కూల్లో చిన్న విమానం మీద ఇరవై గంటలు తిరుగు, తర్వాత దీని జోలికి వద్దువుగాని" అన్నాను.

"ఆ డొక్కు బొమ్మలో నేనెందుకు కూర్చుంటానే పొట్టీ? నేర్చుకుంటే దీని మీదే నేర్చుకుంటా."

నేర్చుకోకూడదని కాదు. మొదటి రోజు నుంచీ ఇలాంటిదాని మీదే నేర్చుకుని చక్కగా నడిపేవాళ్ళు ఉన్నారు. కానీ తప్పు చేస్తే చిన్న విమానం గొణుగుతుంది, ఇది నెత్తిన బాదుతుంది. అందులో ఆలోచించుకోవడానికి పది సెకన్లుంటే ఇందులో మూడు. అందుకని మిగతావన్నీ నిదానంగా వచ్చినా ఫరవాలేదు, ఒక్కటి మాత్రం మొదటి రోజే రావాలి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మోకాళ్ళ మధ్యా విమానాన్ని తిప్పే స్టిక్ చెరొకటి ఉంటుంది, రెండూ కలిసే కదులుతాయి. నేను "నాది" అనగానే నేర్చుకునేవాడు స్టిక్ వదిలేసి, రెండు చేతులూ భుజాల దాకా ఎత్తి అరచేతులు చూపించాలి. వదలకపోతే ఇద్దరం చస్తాం, అంతే సంగతి.

నేను ఒప్పుకున్నది ప్రేమతో కాదు. ఏమీ తెలియని చోట కూర్చోబెడితే అన్నయ్య మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఒప్పుకున్నాను.

చిన్నప్పుడు "నాది" అనే మాట నా నోట్లోంచి వస్తే చాలు, చెయ్యి మెలిపెట్టేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఎర్ర పెన్సిలు ఇవ్వనన్నందుకు నా ఎడమ చిటికెన వేలు వెనక్కి విరిచాడు. ఆ టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. డాక్టరు అడిగితే "తలుపు సందులో పడింది" అని చెప్పాను. అన్నయ్య పక్కనే నిలబడి నన్నే చూస్తున్నాడు మరి. ఆ వేలు ఇంకా వంకరే. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు అన్నయ్య గదిలోకి అడుగు పెడితే చాలు, మోచేతులు దగ్గరికి లాక్కుని మొహం కప్పుకునేదాన్ని. "అన్నయ్యే కదే, ఏం చేస్తాడు?" అనేది అమ్మ.

ఎనిమిది పాఠాలయ్యాయి. నేను "నాది" అన్న ప్రతిసారీ "ఉండవే, ఒక్క నిమిషం" అనేవాడు. నా తల ప్రాణం తోకకి వచ్చేది.

తొమ్మిదో పాఠంలో దిగేటప్పుడు రన్‌వేకి చక్రాలు గట్టిగా తగిలి విమానం ఎగిరిపడింది. "మళ్ళీ పైకి పోదాం. పవర్ ఇవ్వు, మెల్లగా" అన్నాను. ఎక్కడి మెల్లగా? పవర్ లీవరుని ఒక్క తోపు తోశాడు. మూడు వందల హార్స్‌పవరూ ఒక్కసారి లేచేసరికి ముక్కు ఆకాశంలోకి తిరిగింది, విమానం ఎడమకి ఒరిగింది. హడలిపోయి రెండు చేతులతో స్టిక్‌ని పొట్టలోకి లాక్కున్నాడు. రెక్కలకి గాలి పట్టు తప్పబోతోందని హారన్ మొదలైంది. నాలుగంతస్తుల ఎత్తులో ఉన్నాం.

"నాది!"

వదల్లేదు.

"నాది, అన్నయ్యా! వదులు!"

ఉడుంపట్టు. కళ్ళు గాజుకళ్ళలా అయిపోయాయి. బలంతో గెలవడం నా వల్ల కాదు. ముక్కు దించడానికి ఎడమ చేత్తో నా స్టిక్ ముందుకు తోస్తూనే, కుడి చేత్తో తలుపు జేబులోంచి ఇనప టార్చిలైటు తీశాను. మొదటి దెబ్బ వేళ్ళ కణుపుల మీద. రెండోది అక్కడే, చర్మం చిట్లింది. మూడోది ముక్కు మీద. రక్తం మీటర్ల మీద చింది కిందికి కారింది. రెండు చేతులూ స్టిక్ మీది నుంచి జారిపోయాయి.

వదిలేశాడు. హారన్ ఇంకా ఏడుస్తోంది, ఎడమ రెక్క కూలుతోంది. అప్పుడు నేను చెయ్యాల్సిన పని ఒక్కటే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి స్టిక్ ముందుకు తొయ్యడం. నేను తొయ్యలేదు. అన్నయ్య ఎడమ చెయ్యి ముందున్న మీటర్ల అంచుని పట్టుకుని ఉంది. చిటికెన వేలు చూసుకుని మరీ కొట్టాను. టక్కుమంది. అయిదోది నుదుటి మీద.

అప్పుడు టార్చి పడేసి, రెండు చేతులతో స్టిక్ తోసి, కుడి పెడల్ తొక్కిపట్టాను. ముందు అద్దం నిండా గడ్డే. రెక్క కొన గడ్డిని రాసుకుపోయింది. రన్‌వే చివరి కంచె దగ్గరికి వచ్చేసరికి రెక్కలకి మళ్ళీ గాలి పట్టు దొరికింది. ఒక చుట్టు తిరిగి నేనే దింపాను. ఎప్పటిలాగే చప్పుడు లేకుండా దిగింది, నాకు అదే సిగ్గనిపించింది.

మా స్కూలు మెకానిక్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అయ్యో సార్, వేలికేమైంది?"

నేను పక్కనే నిలబడ్డాను. అన్నయ్య నావంక చూసి, "డోర్ సందులో పడింది" అన్నాడు.

"మరి ముక్కు?"

"అదీ డోరే."

మెకానిక్ పగిలిన టార్చిని చూశాడు, నన్ను చూశాడు, నీళ్ళు తేవడానికి పోయాడు.

ఇక ఈ ఛాయలకి రాడనుకున్నాను. మూడు వారాలకి వేలికి కట్టుతో వచ్చాడు. "ఆ రోజు నువ్వు కొట్టకపోతే ఇద్దరం చచ్చేవాళ్ళం. అందరికీ అదే చెప్తున్నా, మా చెల్లి నా ప్రాణం కాపాడిందని" అన్నాడు. అయిదు దెబ్బల్లో మూడే ప్రాణం కాపాడాయని, మిగతా రెండూ ప్రాణం తియ్యబోయాయని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. "ఎక్కు" అన్నాను.

వెయ్యి మీటర్ల ఎత్తు. గాలి కదలడం లేదు, విమానం తిన్నగా పోతోంది. "నాది" అన్నాను, మామూలుగానే.

చేతులు ఎగిరిపోయాయి. భుజాల దగ్గరికి కాదు. మోచేతులు దగ్గరికి లాక్కుని మొహం కప్పుకున్నాడు, కట్టున్న వేలిని రెండో చేతి కింద దాచుకుని.

అది ఎవరు నేర్పితే వచ్చిందో నాకు తెలుసు. దాచడమెందుకు, సంతోషం వేసింది. నలభై ఏళ్ళుగా ఎదురు చూసిన సంతోషం. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

"నీది" అన్నాను. వేళ్ళ సందులోంచి నన్ను చూసి, మెల్లగా చేతులు దించి, స్టిక్ పట్టుకున్నాడు. బాగానే నడుపుతున్నాడు. ఏ తప్పూ లేదు.

"నాది" అన్నాను మళ్ళీ.