పాప రంగు

షెడ్డులో అందరూ అతన్ని రంగుల మేస్త్రి అనేవారు. సొట్ట తీసిన కారు తలుపు ఎదుట పెడితే చాలు, ఏ డబ్బాలోంచి ఎంత పోయాలో అతని కన్నే చెప్పేది. ఎండకు వెలిసిన నీలాన్ని కూడా అతుకు తెలియకుండా కలిపేవాడు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు భార్య కడుపు పండింది. రాబోయే బిడ్డ కోసం అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా కొన్నాడు. మసక వెలుతురులో ‘రా’ ఫార్మాట్‌లో తీయమని స్టూడియో నడిపే బావమరిది నేర్పాడు. అలా తీస్తే కెమెరా తనంతట తాను రంగులు తేల్చేయదట. పడిన వెలుగునంతా పచ్చిగానే దాచి ఉంచుతుందట. తర్వాత కంప్యూటర్‌లో మనమే తేల్చుకోవచ్చట.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఆపరేషన్ అయిన తల్లికి స్పృహ రాలేదు. పాపను గాజుపెట్టెలో నీలిదీపం కింద పడుకోబెట్టారు. తీసిన ఫోటోలన్నీ ఆ దీపం కిందివే. నర్సు దీపం ఆపి గుడ్డ మార్చిన కాసేపు మాత్రమే అతను పాప అసలు రంగు చూశాడు.

తల్లి కళ్ళు తెరిచేసరికి పాప లేదు. ఎలా ఉండేదని ఆమె అడిగితే, “అచ్చం నీ రంగే” అన్నాడు.

కెమెరా బీరువాలోనే ఉండిపోయింది. నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమే దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఇక చూపించండి. గుండె రాయి చేసుకునే వచ్చాను.”

ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, తెర మీద పాప నీలంగా కనిపించింది. అతను నీలం తగ్గించాడు. పసుపు తిరిగింది. అదీ తగ్గిస్తే ఎరుపెక్కింది. ఇదేనా అని ఆమె అడిగిన ప్రతిసారీ అతను తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడో పూసిన కార్ల రంగులన్నీ గుర్తున్నాయి. కన్నకూతురి రంగు మాత్రం ఎంత తడుముకున్నా చిక్కడం లేదు.

“ముక్కు మీ పోలికే. పాపం, తప్పించుకోలేకపోయింది” అంటూ ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపై తెగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముంజేతిని తెర పక్కన ఆనించింది.

“నా రంగే అన్నారుగా. దీన్ని చూసి కలపండి.”

అతను కలిపాడు. చెయ్యి ఏదో, బుగ్గ ఏదో తెలియనంతగా కలిపాడు. ఇది కాదని అతని మనసుకు తెలుస్తూనే ఉంది. ఏది అవునో మాత్రం తెలియలేదు.

“ఇదే” అన్నాడు.

ఆమె తెర మీద బుగ్గను వేలితో నిమురుతూ, వెలుతురు పోయేదాకా అలాగే కూర్చుంది.

ఆ ఒక్కటీ ప్రింటు తీయించారు. ఆమె దాన్ని దిండు పక్కన పెట్టుకుని, తెల్లారి లేవగానే ఒకసారి పలకరించేది. అతను చాలాకాలం ఆ వైపు తిరిగి పడుకోలేకపోయాడు.