వసారాలో కుర్చీ

గడియమ్మ ఆ కుర్చీ తుడుస్తోంది. సమావేశపు గది తలుపు తెరిచి మూసే పని ఆమెది. అందుకే మునిసిపల్ ఆఫీసంతా ఆమెను గడియమ్మ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు కూడా చప్పున గుర్తు రాదు. ఆ బరువైన తలుపును ఇన్నేళ్ళు లాగి లాగి కుడి భుజం కొంచెం కిందికి జారింది. నిలబడి నిలబడి చీలమండలు వాచాయి.

ఈ కుర్చీ వచ్చింది నిరుడే. ఏ సభ్యుడి సొంతవాళ్ళ పని చర్చకు వస్తే ఆ సభ్యుడు లేచి బయట కూర్చోవాలని నియమం చేశారు. బల్లలు చరిచారు, ఫొటోలు దిగారు, వసారాలో ఈ కుర్చీ వేయించారు. ఏం లాభం! ఇంతవరకు దానిమీద ఈగ తప్ప ఎవరూ వాలలేదు.

ఇవాళ్టి చర్చ మంచినీళ్ళ గొట్టాల పని మళ్ళీ అధ్యక్షుడి బావమరిదికి ఇవ్వాలా అని. కిందటిసారి అతను వేసిన గొట్టాలు పగిలి గడియమ్మ వీధి కుళాయిల్లో మురుగు వచ్చింది. ఆ నీళ్ళు తాగిన మనవరాలు చావు తప్పి బయటపడింది.

పొద్దున కూతురు మరీ మరీ చెప్పి పంపింది. "రిటైర్మెంటు దగ్గరికొచ్చిందమ్మా. నోరు కుట్టేసుకుని ఉండు. పింఛను పోతే రోడ్డున పడతాం."

ఆ అంశం రానే వచ్చింది. అధ్యక్షుడు కదల్లేదు. తలుపు మూస్తేగాని చర్చ మొదలుపెట్టకూడదు, అది అక్కడి పాత ఆనవాయితీ.

"తలుపెయ్యమ్మా," అన్నాడాయన.

గడియమ్మ తలుపు బార్లా తెరిచి, దానికి వీపు ఆనించి నిలబడింది. భయం ఎందుకుండదు?

"తమరు బయటికొస్తే వేస్తానండి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"నాకే నీతులా? ఉద్యోగం చెయ్యాలని లేదా?"

"ఉందండి. అదే చేస్తున్నా. కంచే చేను మేస్తుంటే కాపలాకి నన్నెందుకు పెట్టారండీ? కుర్చీ తుడిచే ఉంచాను, రండి."

"పో బయటికి! రేపట్నుంచి రానక్కర్లేదు."

"పోతానండి. మా పిల్ల తాగిన నీళ్ళు మీరూ ఒక్కసారి తాగి చూడండి."

మూలనున్న సంచి, క్యారేజీ తీసుకుంది. వసారాలోని కుర్చీని రెండు చేతులతో ఎత్తి గుమ్మంలో అడ్డంగా పెట్టింది. వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది.

"తీయండయ్యా ఎవరైనా!" అధ్యక్షుడు అరిచాడు.

ఎవరూ లేవలేదు. తెరిచిన తలుపు మధ్య కుర్చీ ఆయన వైపే తిరిగి ఉంది, మీద దుమ్ము లేకుండా.