పిలిచినప్పుడల్లా

ఆరు చొక్కాలు, ఒక ఫ్రెంచి క్రియకి ఆరు రూపాలు. ఆదివారం పొద్దున ఇస్త్రీపెట్టె వేడెక్కగానే ఆవిడ మొదటి తెల్లచొక్కా కాలరు పరిచి, పెదవి కదిపీ కదపనట్టు "జతాందే" అంది. నేను ఎదురుచూసేదాన్ని. రెండో చొక్కాకి "త్యు అతాందే". నువ్వు ఎదురుచూసేదానివి. ఫ్రెంచిలో ఈ భూతకాలం తమాషాగా ఉంటుంది. ఆరు రూపాల్లో నాలుగు చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి, తేడా అంతా రాతలోనే. మొగుడి చొక్కాల్లోనూ నాలుగు తెల్లవి, రెండు చారలవి. ‘మేము’, ‘మీరు’ సరిగ్గా చారల చొక్కాల మీద పడేలా వరస పెట్టుకుంది. ఈ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు. పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు పిలుస్తారు, ఇస్త్రీ చేస్తుంటే మాత్రం ఎవరూ పిలవరు. అందుకే ఏడాదిగా ఆవిడ చదువంతా చొక్కాల మీదా, అంట్లగిన్నెల మీదా సాగింది.

ఆఫీసు అయ్యాక వారానికి రెండు గంటలు చెప్పే పంతులమ్మ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఇందులో కొత్తేముందమ్మా? పాడేదాన్ని, ఆడేదాన్ని అంటామే, అదే ఇది. ఒకప్పుడు రోజూ జరిగిన పనులకి వాడతారు" అని, ఇరవై వాక్యాలు రాసుకురమ్మంది. ఆవిడ రాసుకెళ్ళింది. ఆయన కాఫీ అడిగేవారు. అత్తయ్య కోప్పడేది. మేనేజరు గారికి అతిథులు వచ్చేవారు. పంతులమ్మ కళ్ళజోడు సర్దుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ ఒప్పులే. ఇంతకీ ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అని అడిగింది. ఆవిడ అప్పటికి నవ్వేసింది గానీ, బస్సులో ఆ నవ్వు నిలవలేదు. సిగ్గేసింది. ఆ వెనకే, ఎవరిమీదో తెలియని కోపం వచ్చింది.

ఆఫీసులో ఆవిడ టైపిస్టు. నలుగురు టైపిస్టులున్నా, అతిథులు రాగానే మేనేజరు కళ్ళు వెతుక్కునేది ఈవిణ్ణే. "మీ చేతి టీ రుచే వేరమ్మా" అంటాడు. మీట నొక్కితే మిషన్లోంచి కారే టీకి చేతి రుచేమిటో ఆయనకే తెలియాలి! పదకొండేళ్ళుగా ట్రే మోస్తూనే ఉంది. ఇప్పుడు విదేశీ ఉత్తరాల విభాగంలో ఫ్రెంచి వచ్చినవాళ్ళకి ఒక కుర్చీ ఖాళీ అయింది. ఇంటినుంచే కంప్యూటర్లో ఇరవై నిమిషాల మౌఖిక పరీక్ష పాసైతే ఆ కుర్చీ ఆవిడదే. పరీక్షకి రెండు అవకాశాలే ఇస్తారు.

మొదటిది రెండు నెలల కిందట పోయింది. తప్పులు చెప్పి పోలేదు. ఏడో నిమిషంలో పక్కగదిలోంచి "ఏమోయ్, తువ్వాలు!" అని మొగుడి కేక వినిపించింది. "ఆఁ, వస్తున్నా" అంటూ లేచి వెళ్ళింది. అర నిమిషంలో తిరిగొచ్చేసరికి, కుర్చీలోంచి లేచినందుకు పరీక్ష ముగిసిందని తెర మీద రాసుంది. "అర నిమిషానికే పోయేది అదేం పరీక్షలే" అన్నాడు మొగుడు తల తుడుచుకుంటూ. "పోన్లే అమ్మాయ్, ఉన్న ఉద్యోగం ఉండనే ఉందిగా" అంది అత్తగారు. వాళ్ళ మాటలకంటే ఆవిణ్ణి దహించింది ఇంకొకటి. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. తనే లేచింది. వాక్యం నోట్లో ఉండగానే, తనని అడక్కుండానే కాళ్ళు లేచి వెళ్ళాయి.

అందుకే నిన్న శనివారం దుకాణానికి వెళ్ళి ఒక గడియ కొనుక్కొచ్చింది. స్టూలు మీద కూర్చుని, పడకగది తలుపుకి నాలుగు మరలూ తనే బిగించింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. "పట్టపగలు గడియేమిటమ్మాయ్? ఇంట్లో దొంగలెవరున్నారని?"

"ఎవరూ లేరత్తయ్యా. రేపు ఒక్క అరగంట."

"మా ఇంట్లో తలుపులు వేసుకునే అలవాటు లేదు" అన్నాడు మొగుడు, పేపరుతో చెబుతున్నట్టు.

ఇవాళ పదకొండింటికి ఆయన స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాలి. పరీక్ష పదిన్నరకి. ఆవిడ చొక్కాలు ఆరూ హాల్లో కుర్చీల మీద వరసగా వేసింది. స్నానాలగదిలో తువ్వాలు పెట్టింది. మేజోళ్ళు బూట్లలో కుక్కింది. దువ్వెన, కళ్ళజోడు, వాచీ బల్ల మీద ఉంచింది. చేతిరుమాలు మడిచి మొదటి తెల్లచొక్కా జేబులోనే పెట్టింది. పిలవడానికి ఇక ఏమీ మిగల్చలేదనుకుని లోపలికెళ్ళి గడియ వేసుకుంది.

తెర మీద పరీక్ష చేసే నెరిసిన జుట్టావిడ ఫ్రెంచిలో పలకరించింది. పేరు, ఊరు, ఉద్యోగం అడిగింది. అన్నీ గడిచాయి. "ఇప్పుడు మీ పాత అలవాట్ల గురించి చెప్పండి" అంది. ఈవిడ బట్టీపట్టిన చిన్నతనం ఎత్తుకుంది. గోడలెక్కేదాన్ని, పరుగుపందేల్లో గెలిచేదాన్ని, రోజుకో పుస్తకం చదివేదాన్ని. చెబుతుంటే ఒళ్ళు తేలికైంది. ఇదంతా నిజంగా నేనేనా అనిపించింది.

"ఏమోయ్! నా చేతిరుమాలేదీ?"

జేబులోనే ఉంది. ఆయన తొడుక్కున్న చొక్కా జేబులోనే ఉండుంటుంది. నాలిక చివర "వస్తున్నా" సిద్ధంగా ఉంది. తలుపు కదిలింది, గడియ టకటకలాడింది. "చెవుడా నీకు? టైమైపోతోంది!" వెనక నుంచి అత్తగారు "అమ్మాయ్, పాపం వాడికి ఆలస్యమవుతోందే!" అంటోంది. మోకాళ్ళు అప్పటికే అంగుళం లేచాయి. ఆవిడ రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేదాకా. అరచేతుల చెమటకి పట్టు జారుతోంది. మోకాళ్ళు మెల్లగా కిందికి దిగాయి.

తెర మీది ఆవిడ రాయడం ఆపి తలెత్తింది. "మిమ్మల్ని ఎవరో పిలుస్తున్నట్టున్నారు. నియమం మీకు తెలుసుగా. వెళ్ళాలా?"

తలుపు మీద మళ్ళీ దెబ్బ పడింది.

"లేదండీ" అంది ఆవిడ. ఆ తర్వాతి వాక్యం పుస్తకంలోది కాదు, ఏ చొక్కా మీదా వల్లించింది కాదు. ఫ్రెంచిలో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, తలుపు అవతలికి కూడా వినిపించేంత గట్టిగా చెప్పింది.

"ఆయన పిలిచినప్పుడల్లా, నేను లేచి వెళ్ళేదాన్ని."