నిద్రకు కాపలా

జ్వరం వదిలిన రోజు మా ఇంట్లో అందరం మునివేళ్ల మీద నడిచాం.

నా మనవరాలు ఐదు రోజులు కాగిపోయింది. డెంగీ అని తేల్చారు. ఎనిమిదేళ్ల పిల్ల. గుక్కతిప్పుకోకుండా వాగుతుందని దాన్ని పిచ్చుక అంటాం. రోజూ రక్తపరీక్ష, రోజూ ప్లేట్‌లెట్ల కౌంటు. ఆరో రోజు పొద్దున కౌంటు పెరిగింది, ఒళ్లు చల్లబడింది. నా కోడలు రిపోర్టు కాగితం గుండెకు హత్తుకుని, "గండం గడిచింది అత్తయ్యా," అంది. అంతలోనే పిచ్చుక నిద్రలోకి జారింది.

"నిద్రే మందు. లేపకండి," అంది కోడలు.

నేనూ సరేనన్నాను. కింది కొట్లో టైలరుకు చొక్కాల కాజాలు, బొత్తాలు కుట్టి ఇస్తుంటాను. ఆ రోజు పని ముట్టలేదు. కిటికీ మూశాను. మెట్ల మీద గోల చేస్తున్న పిల్లల్ని కసిరి వచ్చాను. చొక్కాల కోసం వచ్చిన టైలరును గుమ్మంలోనే ఆపేశాను.

"ఊపిరి పీల్చుకోవచ్చా అక్కా, దానికీ నిన్ను అడగాలా?" అని గొణిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాటినా పిల్ల కదల్లేదు. పళ్లరసం తాగిద్దామని భుజం తట్టాను. కళ్లు తెరవడానికే చాలాసేపు పట్టింది. "తలనొప్పి," అంది. మాట ముద్దగా వచ్చింది. హుషారు చేద్దామని సూదీ దారం చేతికిచ్చాను. రోజూ బడికి వెళ్లేముందు నాకు పది సూదులకు దారం ఎక్కించేది అదే. నాకు చూపు ఆనదు.

"బాగుంది! మంచం మీదున్న పిల్లకి కూడా సెలవు ఇవ్వరా?" అని కోడలు నవ్వింది.

పిచ్చుక ఎప్పటిలాగే దారం కొసను నోట్లో తడి చేసింది. కానీ దాన్ని బెజ్జంలోకి కాక, సూదికి బెత్తెడు దూరంలో గాలిలోకి గుచ్చింది. మళ్లీ గుచ్చింది. ఎక్కినట్టే అవతలి నుంచి లాగింది.

"ఎక్కింది," అంది. తర్వాత ఎదురుగా కూర్చున్న తల్లి మొహంలోకే చూస్తూ, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

సూది దాని చేతిలోంచి లాక్కున్నాను.

"నీరసం అత్తయ్యా," అంది కోడలు. నవ్వు మొహాన ఇంకా అలాగే ఉంది. "కౌంటు పెరిగిందిగా. డాక్టరు రేపు రమ్మన్నారుగా."

"కౌంటు పెరిగితే పెరిగింది! కన్నతల్లే గుర్తు లేదే దానికి. రేపటిదాకా ఏం చూస్తాం? లే!"

నా కేకలకి టైలరు కత్తెర పడేసి కారు తీశాడు. దారిలో నా ఒళ్లో పిల్ల ఉన్నట్టుండి కొయ్యలా బిగుసుకుంది. కళ్లు పైకి తేలాయి. కుడిచెయ్యి టకటకా కొట్టుకుంది. కోడలు కెవ్వుమంది. టైలరు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. మా ఆయన పోయిన రోజున కూడా నేనంత భయపడలేదు. ఆయన పోయాక నాకు కబురొచ్చింది. ఇది నా చేతుల్లోనే జరుగుతోంది.

ఆసుపత్రిలో ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షన్ చేశారు, తలకు స్కాన్ తీశారు.

"డెంగీ అరుదుగా కొందరు పిల్లల్లో మెదడును కూడా తాకుతుందమ్మా," అంది డాక్టరమ్మ. "లోపల రక్తం కారలేదు, వాపు ఉంది. జ్వరం తగ్గాక మగతగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా నిద్రేలే అనుకోకూడదు. ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

కోడలే చెప్పింది. "పొద్దుటి నుంచి. నేనే లేపొద్దన్నాను."

"కిటికీ మూసింది నేను," అన్నాను.

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. "ఇప్పుడైనా తెచ్చారు. తేరుకుంటుందనే ఆశ. మాట మాత్రం ఇవ్వలేను."

మూడు రోజులు ఐసీయూ అద్దం ఇవతలే నిలబడ్డాం. నాలుగో రోజు కళ్లు తెరిచింది. డాక్టరమ్మ కోడల్ని చూపించి, "ఎవరమ్మా?" అంది. పిచ్చుక చూసింది, చూస్తూనే ఉంది.

"అమ్మ," అంది చివరికి. "ఎందుకు ఏడుస్తోంది?"

ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. కుడిచేతికి ఇంకా పట్టు రాలేదు, నెలలు పట్టొచ్చన్నారు. మధ్యాహ్నం అది కన్ను మూస్తే చాలు, నా చెయ్యి దాని భుజం మీద ఉంటుంది. "నేనెవర్నే?"

"నానమ్మవి! పడుకోనివ్వు!"

ఇవాళ నాకంటే ముందే కోడలు వెళ్లి తట్టింది.

"నువ్వు కూడా మొదలెట్టావా అమ్మా!" అని విసుక్కుని పిచ్చుక అటు తిరిగి పడుకుంది.

మాట ముద్దగా లేదు. ఇద్దరం విన్నాం. అయినా ఇద్దరం అక్కడి నుంచి కదల్లేదు.