తనిఖీదారు చేతిలో నాలుగు రీడులు

సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ఆదిశేషుది తనిఖీ పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముక్కని పక్కన పడేసే మనిషి. ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోదు. పప్పులో ఉప్పు నుంచి పెళ్లాం పెట్టిన ముగ్గు దాకా అన్నిటికీ వంకలే. కొరాపుట్‌లో తల్లి దగ్గరున్న చెల్లెలు రాజ్యానికి పెళ్లి కుదిరేసరికి ఆ బుద్ధంతా వెళ్లి, తండ్రి వదిలిపోయిన క్లారినెట్ మీద పడింది.

"తాళి కట్టినప్పుడు నాన్న క్లారినెట్టే మోగాల అన్నయ్యా. నువ్వే వాయించాల," అంది రాజ్యం. చిన్నప్పుడు తండ్రి దగ్గర నాలుగు కీర్తనలు నేర్చుకున్న పాపానికి సరేనన్నాడు.

విశాఖపట్నం నుంచి పోస్టులో నాలుగు రీడులు తెప్పించాడు. క్లారినెట్ మూతికి బిగించే, రెల్లుతో చేసిన పల్చటి బద్దలవి. ఊదితే వణకాలి, వణికితేనే పలుకుతాయి. మొదటిది కీచుమంది. మైక్రోమీటరు పెట్టి చూస్తే ఎడమ అంచు లావు. గీకాడు. ఇప్పుడు కుడి అంచు లావు. అదీ గీకాడు. పిల్లుల రొట్టె కోతి పంచినట్టు, రెండు వైపులూ సమానమయ్యేసరికి రీడే మిగల్లేదు. రెండోదీ, మూడోదీ అదే దారి పట్టాయి. సరుకు నాసిరకం అని తీర్పు చెప్పి నిద్రపోయాడు మహానుభావుడు.

పెళ్లినాడు పొద్దున్నకి మిగిలింది ఒక్కటే. దాన్ని గీకడానికి చెయ్యి రాలేదు. పెళ్లింటి వెనక నిలబడి ఊదితే పీక నొక్కిన కోడిలా అరిచింది. నలభై ఏళ్ల మనిషికి ఏడుపొచ్చింది. చెల్లెలు అడిగిందే ఒక్కటి, అదీ తన చేతకాలేదు.

మేళానికి నారాయణపట్న నుంచి వచ్చిన తాతాజీ ఆ అరుపు విని వచ్చాడు. పొలం పనులు లేనప్పుడు పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే ముసలాయన. రీడుని పట్టి ఉంచే మరలు చూశాడు. వాటి తలలు అరిగిపోయి ఉన్నాయి.

"దీన్ని దేంతోటి బిగించేవు బాబూ?"

"కటింగ్ ప్లయరుతో. వదులైతే ఊడిపోదా?"

"ఏటి ఊడిపోద్ది? ఇదేటి ఇమానమా? పీక బిగించీసి పాడమంటే నువ్వు పాడతావా?"

మరలు రెండూ వదులు చేసి, రీడుని కాసేపు నోట్లో నానబెట్టి, మళ్లీ తగిలించి ఊదాడు. ఆనందభైరవి పెళ్లింట్లోకి నెమ్మదిగా వెళ్లింది. మూడు మంచి రీడులు పోయింది ఎవరి లోపం వల్లో ఆదిశేషుకి అప్పుడు తెలిసింది. ఆ లోపం ఉన్నవాణ్ణి పక్కన పడేసే వీల్లేదు గనక, సిగ్గుపడుతూ తనే క్లారినెట్ అందుకున్నాడు.

తాళి కట్టే వేళ కళ్లు మూసుకుని వాయించాడు. సగం దాకా బాగానే పలికింది. తర్వాత ఒక్కసారి గట్టిగా కీచుమంది. పెళ్లివాళ్లందరూ తలలు తిప్పి చూశారు. చెమటలు పట్టినా ఆపకుండా ముగించాడు.

తలంబ్రాల సందట్లో రాజ్యం పిలిచింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇందాక ఇంటెనక వాయించింది నువ్వు కాదు గదా?"

"కాదమ్మీ. తాతాజీ."

"అదే అనుకున్నాను. అంత బాగుంటే దిగులేసింది, నువ్వు మానీసేవేమో అని. కీచుమన్నాక పానం కుదుటపడింది."