బావిలోకి దిగిన బంకు

నేను ఒక రబ్బరు చేదను. అందచందాల గురించి నన్నడగకండి. అంతకుముందు లారీ టైరుని. దేశమంతా తిరిగాను, ఎక్కడెక్కడి బంకుల్లోనో ఆగాను, పెట్రోలు వాసన ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అరిగి, పగిలి, ఎందుకూ పనికిరాకుండా పోయాక సామర్లకోటలో ఒకాయన నన్ను కోసి, మేకులు కొట్టి, పైన ఇనుప కమ్మీ బిగించి చేదను చేశాడు. సంతలో నూకరత్నం నన్ను అటూ ఇటూ నొక్కి చూసి, గట్టిగా బేరమాడి కొనుక్కుంది.

నూకరత్నం రోడ్డు పక్కన ఇడ్లీలు వేసి అమ్మే మనిషి. భర్త పోయాక ఆమెకు ఆ పొయ్యే ఆధారం. ఇంటి ముందు తాటాకు పందిరి, దాని కింద పొయ్యి, పొయ్యి పక్కన బావి, బావి వెనక గోడ, గోడకు అవతల పెట్రోలు బంకు. బియ్యం కడగాలన్నా, పిండి రుబ్బాలన్నా, గిన్నెలు తోమాలన్నా ఆ బావి నీళ్ళే. రోజంతా నేను దిగుతూ ఎక్కుతూ ఉండేదాన్ని. మంచి బతుకే.

ఒక వేసవిలో నీళ్ళు మారాయి. మొదటి చేదకే నాకు తెలిసిపోయింది. మనుషులకు తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. వాళ్ళకు ముక్కులున్నది కళ్ళజోళ్ళు ఆనడానికే కాబోలు. ఒకరు ఎలుక పడి చచ్చిందన్నారు. ఒకరు బావి వాస్తు ప్రకారం లేదన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి బ్లీచింగ్ పొడి గుమ్మరించి పోయారు. బావిలో ఏనుగు పడిందన్నా వాళ్ళు ఆ పొడే చల్లుతారు. ఇక బంకు యజమాని గోడ మీదుగా తొంగి చూసి, "మా ట్యాంకులు గట్టియండి. ఇది బావి ముసల్దైపోయిన వాసన" అన్నాడు. మర్నాడు నూకరత్నం ఇంటికి రెండు మంచినీళ్ళ డబ్బాలు పంపించాడు. ఎంత దొడ్డ మనిషో అని వీధంతా మెచ్చుకుంది.

ఇడ్లీల్లోకి వాసన పాకింది. ఒక లారీ డ్రైవరు పళ్ళెం కింద పెట్టేసి, "ఏమ్మా, సాంబారు బంకులో కొట్టించావా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె అగ్గిపుల్ల గీయగానే, బావి గట్టు మీద ఒలికిన నీళ్ళ మీదుగా నీలం మంట ఒకటి జరజరా పాకి ఆరిపోయింది. ఆమె చేతిలోని పుల్ల ఊది ఆర్పేసి, పొయ్యిలో పేర్చిన కట్టెలన్నీ బయటికి లాగేసింది. ఆ రోజు నుంచి పొయ్యి వెలగలేదు.

ఇక పక్కింటి గంగరాజు గారి గురించి చెప్పాలి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు ముక్కు బాగానే పనిచేసింది. నన్ను బావిలోకి దింపి, తోడిన నీళ్ళు ఒక డబ్బాలో పోసి, కదపకుండా ఉంచి, పైకి తేలిన పెట్రోలు వంచుకుని తన మోపెడ్‌లో పోసుకున్నాడు. బండి కదిలింది. ఆ కబురు వీధిలో ఎంత వేగంగా పాకిందంటే, మర్నాటికి బావి చుట్టూ డబ్బాలే. నూకరత్నం జ్వరంతో పడుకున్నప్పుడు ఒక్క చేద నీళ్ళు తోడి ఇవ్వని చేతులు నన్ను అరచేతులు బొబ్బలెక్కేలా లాగాయి. పైగా తోపులాట, వరస కోసం తిట్లు.

"అక్కా, నీ ఇంటికి లచ్చిందేవి నడిచొచ్చిందే" అన్నాడు గంగరాజు.

"లచ్చిందేవి కాదు తమ్ముడా, నా పొయ్యారిపోయింది. బంకోడి మీద కంప్లయింటు ఇద్దాం, నువ్వూ రా."

"ఎందుకక్కా గొడవ. ఆపీసర్లొత్తే ముందు నీ బావే మూసేత్తారు."

వీధిలో అందరిదీ అదే మాట. ఆమె మీద అంత జాలి. మధ్యమధ్యలో గంగరాజు మోపెడ్ నడిరోడ్డు మీద దగ్గి దగ్గి ఆగిపోయేది. ఆయన దాన్ని మెకానిక్కు దగ్గరికి తోసుకుపోయి, ఈ కంపెనీ బండ్లన్నీ దొంగ సరుకని తిట్టేవాడు. సగం నీళ్ళు తాగిన బండి ఇంకేం చేస్తుంది?

వానలు పడ్డాయి. భూమిలో నీళ్ళు పైకొచ్చాయి, వాటితో పాటు పెట్రోలూ వీధంతా పరుచుకుంది. ఒక ఉదయం గంగరాజు స్నానాల గదిలో బోరు కుళాయి తిప్పితే బంకు వాసన గుప్పుమంది. ఆ తర్వాత ఎదురింటి బోరులో, చివరింటి బోరులో. నూకరత్నం బావిలో ఉన్నన్నాళ్ళూ అది లక్ష్మి. తమ కుళాయిలోకి రాగానే కాలుష్యం. ఆ సాయంత్రమే డబ్బాలు పట్టుకు తిరిగినవాళ్ళంతా బంకు ముందు రోడ్డు మీద బైఠాయించారు. మైకు పట్టుకున్నది గంగరాజే. మా ప్రాణాలతో చెలగాటమాడుతున్నారంటూ ఆయన గొంతు చించుకున్నాడు. సిగ్గు అనేది మనుషుల్లో ఎక్కడ ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు ఆఫీసర్లు కదిలారు. బంకు మూయించారు. భూమిలోంచి ట్యాంకు పైకి తీస్తే అడుగున తుప్పు పట్టి చిల్లు పడి ఉంది. గట్టి ట్యాంకట. వాసనేసే మట్టినంతా తవ్వి లారీల్లో ఎత్తించారు. అక్కడక్కడా గొట్టాలు దింపి, నీళ్ళు తోడి, బొగ్గు నింపిన పీపాల గుండా వడగట్టారు. ఆ మోటార్లు నెలల తరబడి మోగాయి. "నీళ్ళు పరీక్షలో పాసయ్యేదాకా ఇక్కడ నిప్పు రాజేయకూడదమ్మా" అని ఆఫీసరు నూకరత్నానికి చెప్పాడు. ఆమె పాచిపనికి పోతూ, తిరిగి వచ్చి చల్లారిన పొయ్యి ముందు కూర్చునేది.

పరీక్షకు నీళ్ళు పట్టడానికి ఆఫీసరు దగ్గర వేరే సామాను ఉంది. కానీ అది జీపులో ఉంది, నేను గిలక దగ్గర ఉన్నాను. నాతోనే తోడి సీసాలో పోసుకుపోయాడు. ఫెయిలు. మళ్ళీ మోటార్లు, మళ్ళీ నేను, మళ్ళీ ఫెయిలు. వీధిలో బోర్లన్నీ బాగుపడ్డాయి, ఈ బావి ఒక్కటే బాగుపడలేదు. "నష్టపరిహారం కోసం ఆవిడే బావిలో పెట్రోలు పోసుకుంటందండి" అన్నాడు బంకు యజమాని. గంగరాజు కాదనలేదు. ఆ మాటకు నూకరత్నం ఏడ్చింది. నాకు వాళ్ళందరి మీదా అసహ్యం వేసింది.

ఆఫీసరు మళ్ళీ వచ్చిన రోజు నన్ను బావిలోంచి లాగి గట్టు మీద పెడుతుంటే నా అడుగు ఊడి పక్కన పడిపోయింది. కొంతకాలంగా ఉబ్బుతున్నాను, మెత్తబడుతున్నాను. వయసు మీద పడింది అనుకున్నాను. నూకరత్నం లోపలికి వెళ్ళి పిండి కలిపే స్టీలు బకెట్టు తెచ్చి తాడుకు కట్టింది. నీళ్ళు పైకి వచ్చాయి. ఆమె వంగి వాసన చూసింది. మళ్ళీ చూసింది. బంకు వాసన లేదు. తర్వాత నన్ను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓసి నీ దుంప తెగ. ఇన్నాళ్ళూ నువ్వా?"

నేనే. రబ్బరు పెట్రోలును తాగుతుంది. వీధిలో ఎవరి బండీ తాగనంత తాగి, దిగిన ప్రతిసారీ మంచినీళ్ళలో కాస్త కక్కి వస్తున్నాను. అందరి ముక్కులనూ వెక్కిరించిన నాకు నా వాసన తెలియలేదు. ఆఫీసరు నా వైపు చూడకుండా స్టీలు బకెట్టులోని నీళ్ళు సీసాలో పట్టుకుపోయాడు. అవి పాసయ్యాయి.

నూకరత్నం నన్ను గోడవారకు గిరాటేసింది. తప్పులేదు. ఇక్కడినుంచి పందిరి బాగా కనిపిస్తుంది. పొయ్యి మండుతోంది, ఇడ్లీ పాత్ర మీద ఆవిరి లేస్తోంది. బావిని బాగు చేయించింది తామేనని చెప్పుకుంటూ వీధివాళ్ళంతా బల్లల మీద కూర్చుని తింటున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది గంగరాజు.

"అక్కా, సట్నీ బొత్తిగా నీళ్ళలాగుందేంటే?" అన్నాడు.

నూకరత్నం గరిటె ఆపి ఆయన వైపు చూసింది.

"నీళ్ళే తమ్ముడా. ఇప్పుడీ బావిలో అయ్యే వత్తన్నాయి."